వెలికి వచ్చినవారి సాక్ష్యము

ఒక గురువును గాని, ఒక మతసంఘమును గాని మనసార నమ్మి, ఇల్లువాకిళ్ళు విడిచి, గడించినదంతయు ధారపోసి, ఏండ్ల తరబడి ఆ ప్రాకారముల నడుమ బ్రదికి, తుదకు ప్రాణములు అరచేత బట్టుకొని వెలుపలికి వచ్చిన మనుష్యునకు లోకము వేయు మొదటి ప్రశ్న యొకటి కలదు: “అంత చదువుకొన్నవాడవు, నీ బుద్ధి యేమైనది?” దానిని వెన్నంటి వచ్చునది రెండవ ప్రశ్న: “అంత కష్టముగా నుండిన ముందే యేల రాలేదు?” ఈ ప్రశ్నలను వేయువారిలో కన్నవారుందురు, తోడబుట్టినవారుందురు, ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొను జవానుండును, మైకు పట్టుకొని వచ్చిన విలేకరి యుండును. వేయుటలో దురుద్దేశము లేకపోవచ్చును. కాని తీర్పు ముందుగా చెప్పి సాక్ష్యమును తరువాత వినబూనుట ఏ న్యాయస్థానమునందును ధర్మము కాదు. ఆ రెండు ప్రశ్నలును చేయుచున్న పని యదియే. వెలికి వచ్చినవారి మాటను సాక్ష్యముగా స్వీకరింపక, వారి అవివేకమునకు సంజాయిషీగా మాత్రమే వినుచున్నంతకాలము, లోపల మిగిలియున్నవారికి మనము ఏ విధమైన సహాయమును చేయజాలమనియు, పైపెచ్చు ఆ గురువునకే తెలియక తోడ్పడుచున్నామనియు నా దృఢవిశ్వాసము.

దీనికి దృష్టాంతముగా అమెరికా దేశీయుల కథ నొకదానిని తీసికొనుచున్నాను. ఏలయన ఆ కథనుండి బ్రదికి బయటపడినవారు నలుబదియేండ్లకు పైగా మాటలాడుచు, వ్రాయుచు వచ్చిరి. వారి మాటలను సరిచూచుకొనుటకు వలసిన పత్రములును ధ్వనిముద్రణములును విస్తారముగా లభించుచున్నవి. 1978 నవంబరు 18వ తేదీన, దక్షిణ అమెరికా ఖండమునందలి గయానా దేశపు అరణ్యములలో, ‘పీపుల్స్ టెంపుల్’ అను మతసంఘమువారు నిర్మించుకొన్న జోన్స్‌టౌన్ అను వలసగ్రామమున 909 మంది ఒక్క సాయంకాలముననే మరణించిరి. వారిలో 304 మంది బాలబాలికలు. అదే దినమున సమీపమునందలి విమానస్థలమున అయిదుగురును, రాజధాని యగు జార్జిటౌనులో నలుగురును చనిపోగా, మొత్తము సంఖ్య 918కి చేరినది. ఆ సంఘనాయకుడు జిమ్ జోన్స్. లోకము దీనిని సామూహిక ఆత్మహత్యగా జ్ఞాపకముంచుకొన్నది. సయనైడు కలిపిన పానీయమును మొట్టమొదట త్రాగించినది పసిపిల్లలచేత. చుట్టును ఆయుధపాణులైన కావలివారు నిలిచియుండిరి. కావున సామూహిక ఆత్మహత్య యను ఆ పేరు నాకు సమ్మతము కాదు.

వారు లోపలికి ఏల పోయిరో ముందుగా విచారింతము. 1950వ దశకమున, ఇండియానాపొలిస్ నగరమందు తెల్లవారును నల్లవారును ఒకే వరుసలో కూర్చుండి ప్రార్థన చేయుట మిక్కిలి అరుదైన కాలమున, జోన్స్ నెలకొల్పిన ప్రార్థనామందిరము ఆ పని చేసి చూపినది. 1965లో అతడు తన అనుయాయులతో కాలిఫోర్నియాకు తరలివచ్చిన పిదప, సంఘము వృద్ధులకు ఆశ్రయములు నడిపినది. మత్తుమందుల పాలైన యువజనులను మాన్పించి మనుష్యులను చేసినది. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టినది. పేదపిల్లలను కళాశాలలకు పంపినది. జోన్స్‌టౌనున మరణించినవారిలో మూడింట రెండువంతులవారు నల్లజాతివారగుట యాదృచ్ఛికము కాదు. తమను సాటి మనుష్యులుగా చూచిన చోటును వెదకికొని వచ్చినవారు వారు. లారా జాన్‌స్టన్ కోల్ అను యువతి వియత్నాం యుద్ధమును, వర్ణవివక్షమును సహింపలేక, సమానత్వము మాటలలో గాక బ్రతుకులో కనబడు తావును కోరి 1970లో చేరినది. లెస్లీ వాగ్నర్ విల్సన్ తల్లి తన పెద్దకూతురును మత్తుమందుల బారినుండి తప్పించుటకై వచ్చినది. అప్పటికి లెస్లీ పదుమూడేండ్ల పిల్ల. మరియొక సభ్యురాలగు డెబోరా లేటన్ తల్లి హిట్లరు కాలమున జర్మనీనుండి తప్పించుకొని వచ్చిన యూదు స్త్రీ. నియంతృత్వమన నేమో ఆమెకు ఎవరును చెప్పనక్కరలేదు. ఆమెయు తన బిడ్డల వెంట ఈ సంఘమున ప్రవేశించినది. వీరిని అవివేకులని యెట్లనగలము? చేరునప్పుడు వారు చూచినది మంచినే. ఆ మంచి యంతయు అబద్ధమును కాదు. అందుచేతనే తరువాతి కాలమున ఆ మంచిని చేతబట్టుకొని తమ చేతులు తామే కట్టుకొనవలసి వచ్చినది.

ఆ కట్టు ఒక్కనాట పడలేదు. మొదట ఆదివారపు కానుక. పిదప జీతమునందు నాలుగవ వంతు. ఆ తరువాత ఇంటి దస్తావేజులు, వృద్ధుల పింఛనులు. తమ పిల్లలను ఇతరుల పెంపకమునకు అప్పగించుట త్యాగమనిపించుకొన్నది; భార్యాభర్తలు ఏకాంతమున మాటలాడుకొన్న మాటను సభలో బయటపెట్టుట నిష్కాపట్యమనిపించుకొన్నది. ఆరేండ్లు లోపల గడపి 1975లో వెలికి వచ్చిన దంపతులు తమచేత తెల్లకాగితములమీద సంతకములు పెట్టించుకొనిరనియు, తాము చేయని నీచకృత్యములను చేసినట్లు ఒప్పుదల పత్రములు వ్రాయించుకొనిరనియు చెప్పిరి. తమ పేర్లమీద నున్న అధికారపత్రములు సంఘము చేతిలో నుండుటచేత వారు న్యాయస్థానమునకు పోయి తమ పేర్లనే మార్చుకొనవలసివచ్చినది. వారి పదునారేండ్ల కూతురును సభామధ్యమున 75 దెబ్బలు చెక్కతో కొట్టిరి. తలిదండ్రులు చూచుచు కూర్చుండిరి. తెల్లకాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొను వడ్డీవ్యాపారిని మన పల్లెలలో ఎరుగనివారు లేరు, వానిని దుర్మార్గుడనుటకు వెనుదీయువారును లేరు. అదే కార్యమును గురుపీఠము చేసినప్పుడు మాత్రము దానికి సమర్పణమను పవిత్రనామము వచ్చును. కూతురును కొట్టుచుండగా కన్నతండ్రి యెట్లు చూచుచు ఊరకుండెనని అడుగువారు, అప్పటికి ఆ తండ్రి యెన్ని చిన్న విషయములకు ఊరకుండియుండెనో కూడ అడుగవలెను. ఒక్కొక్క మౌనము తరువాతి మౌనమునకు మెట్టగును.

1978 మే నెలలో డెబోరా లేటన్ జార్జిటౌనునుండి అమెరికా రాయబార కార్యాలయమువారి సహాయముతో తప్పించుకొని స్వదేశమునకు చేరి, జూను 15వ తేదీన ఒక ప్రమాణపత్రమును దాఖలు చేసినది. సంఘపు ఆర్థికవ్యవహారములు చూచిన మనిషి గనుక ఆమె లెక్కలు తెలిసి మాటలాడినది: వృద్ధుల పింఛనుల రూపమున నెలకు 65 వేల డాలర్లు వచ్చుచుండెననియు, అయినను ఉదయము అన్నము, మధ్యాహ్నము అన్నపు గంజి, రాత్రి అన్నమును చిక్కుడుగింజలును మాత్రమే పెట్టుచుండిరనియు, వారమునకు రెండు మూడు దినములు కూరలు, ఆదివారమున తలకొక గ్రుడ్డు, ఒక బిస్కత్తు లభించుచుండెననియు చెప్పినది. ఉదయము ఏడు గంటలనుండి సాయంకాలము ఆరు గంటలవరకు పొలములలో పని. పనిచేయుచుండగను, దినమునకు సగటున ఆరేసి గంటలు, ధ్వనివిస్తారకములనుండి జోన్స్ కంఠము. ఫిబ్రవరిలో గ్రామమున సగముమందికి విరేచనములు, తీవ్రజ్వరము. పాస్‌పోర్టులు, డబ్బు మొదటి దినముననే తీసివేసికొనిరి. ఇంటికి వ్రాసిన ఉత్తరములను చదివినగాని పంపరు.

అందులోనే ఆమె ‘శ్వేతరాత్రి’ అని లోపలివారు పిలుచుకొను దానిని వర్ణించినది. వారమున కొకసారియైనను గ్రామమంతయు అర్ధరాత్రి సైరనుతో మేల్కొనును. అడవిలో శత్రువులు పొంచియున్నారని, మరణమునకు సిద్ధము కావలసినదని చెప్పుదురు. అట్టి రాత్రులలో నొకనాడు అందరిని వరుసలలో నిలిపి, పిల్లలతో సహా, ఒక్కొక్కరికి చిన్న గ్లాసుతో ఎర్రని ద్రవమునిచ్చి త్రాగుమనిరి. అది విషమనియు నలుబదియైదు నిమిషములలో ప్రాణము పోవుననియు తెలిపిరి. అందరును త్రాగిరి. గడువు సమీపించిన పిమ్మట జోన్స్ అది విషము కాదనియు, విశ్వాసమును పరీక్షించితిననియు ప్రకటించెను. అప్పటికి తాను జీవించినను మరణించినను ఒక్కటే యన్నంత అలసటలో నుంటినని ఆమె ప్రమాణపూర్వకముగా వ్రాసినది. ‘ముందే యేల రాలేదు’ అను ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానమును నేనెరుగను: నిద్రలేమిచేతను అర్ధాకలిచేతను బ్రతుకుమీద ఆసయే చల్లారిన మనస్సునకు పారిపోవలెనను సంకల్పము పుట్టుటయే దుర్ఘటము. రెండవ సమాధానము ఆమె తల్లి. కాన్సరుతో మంచము పట్టిన ఆ తల్లిని లోపలనే విడిచిపెట్టి కూతురు రావలసివచ్చినది. ఆ తల్లి జోన్స్‌టౌనున, ఆ ఘోరమునకు కొన్నాళ్ళముందు, కన్నుమూసినది.

జరుగనున్నది ఇంచుమించు జరిగిన రీతినే అయిదు నెలలముందు కాగితముమీద నుండెను. ఆ ప్రమాణపత్రము అమెరికా విదేశాంగశాఖకు చేరినది. దానికి ముందటి సంవత్సరమే, 1977 ఆగస్టు 1వ తేదీ సంచికలో ‘న్యూ వెస్ట్’ అను పత్రిక పదిమంది పూర్వసభ్యుల మాటలను వారి పేర్లతోడను ఛాయాచిత్రములతోడను ప్రచురించియుండెను. అది వెలువడు వేళకే జోన్స్ గయానాకు తరలిపోయెను. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలకులు దృఢమైన ఆధారములు లేవని విచారణకు పూనుకొనలేదు. 1976లో అతనిని నగర గృహనిర్మాణసంస్థ పాలకవర్గమున నియమించినవారు, ఎన్నికలవేళ అతడు పంపిన బస్సులనిండ జనమును వినియోగించుకొన్నవారు, అతనిమీద విచారణ జరిపించుటకు ఉత్సహింపకుండుటలో ఆశ్చర్యమేమున్నది? ఫిర్యాదు చేసిన పూర్వసభ్యులను, బంధువులను ద్రోహులుగా, కుట్రదారులుగా చిత్రించుట సంఘమువారికి మిక్కిలి సులువైనది. ఆ చిత్రణమును నమ్ముట వెలుపలివారికి ఇంకను సులువైనది.

రాయబార కార్యాలయపు అధికారులు జోన్స్‌టౌనుకు పోనేలేదని అనరాదు. పలుమారులు పోయిరి, కొందరిని పేరుపేరున పిలిచి, ఇతరులకు వినబడని దూరమునకు తీసికొనిపోయి, వచ్చెదరా యని అడిగిరి. రామనిరి. సుఖముగా నున్నామనిరి. అధికారులు వ్రాసికొని తిరిగివచ్చిరి. కాని ఆ రాకను గూర్చిన వార్త ముందే అందుచుండెననియు, ఏ ప్రశ్నకు ఏ సమాధానము చెప్పవలెనో గ్రామస్థులచేత వల్లెవేయించుచుండిరనియు వెలికి వచ్చినవారు చెప్పుచున్నారు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి: తల్లి లోపల వంటశాలలోను, కొడుకు లోపల పాఠశాలలోను ఉండగా, ఒక్క మనిషిని చెట్టుక్రిందికి పిలిచి స్వేచ్ఛగా చెప్పుమనుటలో స్వేచ్ఛ యెక్కడ నున్నది?

నవంబరు 17వ తేదీన అమెరికా ప్రజాప్రతినిధి లియో రయాన్ విలేకరులతోడను, సభ్యుల బంధువులతోడను జోన్స్‌టౌనుకు వచ్చిన తరువాత జరిగినది దీనిని రుజువు చేయును. ఆ రాత్రి విందు, సంగీతము, కరతాళధ్వనులు. అంతలో ఒకడు చిన్న చీటీని ఒక విలేకరి చేతిలో జారవిడిచెను, తమను బయటకు తీసికొనిపొమ్మని. మరునాడు ఎడిత్ పార్క్స్ అను వృద్ధురాలు నలుగురియెదుట తాను పోయెదనని చెప్పినది. ఆమె వెనుక కొడుకు, కోడలు, మనుమలు. మరియొక కుటుంబము కదలినది. పదునైదుగురి వరకు మూటలు కట్టుకొనిరి. అధికారులకు పలుమారులు దొరకని సమాధానము, కుటుంబములు కుటుంబములుగా పోవుటకు వాహనము సిద్ధముగా నున్నదని కండ్లార చూచినంతనే దొరకినది. ఆ ఉదయముననే లెస్లీ వాగ్నర్ విల్సన్ తన చిన్నారి కొడుకును వీపునకు కట్టుకొని, వనభోజనమునకు పోవుచున్నామను నెపముతో మరికొందరితో కలిసి అడవిలోనికి నడచినది. ముప్పది మైళ్ళ దూరము అడవిదారిని, రైలుపట్టాల వెంట నడచి వారు బ్రదికిరి. ఆమె తల్లి, సోదరుడు, సోదరి, భర్త లోపల మిగిలిపోయిరి. విమానస్థలమున రయాన్‌ను, ముగ్గురు విలేకరులను, పార్క్స్ వారి కోడలిని కాల్చి చంపిరి.

తుదివరకు అందరును తలలూపుచు కూర్చుండిరనుటయు సత్యము కాదు. ఆ సాయంకాలపు సభ ధ్వనిముద్రణ మైయున్నది. అందులో క్రిస్టీన్ మిల్లర్ అను అరువదేండ్ల నల్లజాతి స్త్రీ లేచి, మరియొక దేశమునకు పోవుటకు వీలులేదా యని అడుగుచున్నది; పసిబిడ్డలకు బ్రతుకు హక్కు కలదని వాదించుచున్నది; చుట్టునున్నవారు కేకలతో ఆమెను కూర్చుండబెట్టుచున్నారు. ఆ జనసముద్రము నడుమ, తన మాట నెగ్గదని తెలిసియు, మర్యాద తప్పక, గొంతు తడబడక ప్రశ్నించిన ఆ స్త్రీ పేరును జోన్స్ పేరు తెలిసిన ప్రతివారును తెలిసికొనవలెనని నా కోరిక.

మిగిలినవారి పిమ్మటి జీవితము నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. మృతదేహములను ఖననము చేయుటకు పలు శ్మశానములవారు ఒప్పుకొనలేదు. తుదకు ఓక్లండు నగరపు ఎవర్‌గ్రీన్ శ్మశానమున నాలుగువందల మందికి పైగా, అందులో పెక్కురు గుర్తింపబడని పిల్లలు, ఒక్కచోట పూడ్చబడిరి. బ్రదికినవారు ఏండ్ల తరబడి తామెవరో చెప్పుకొనలేదు. లారా కోల్ కార్యార్థమై జార్జిటౌనున నుండుటచేత బ్రదికినది. తిరిగివచ్చిన తరువాత ఆమె సినానాన్ అను మరియొక సహజీవనసంఘమున సుమారు పదియేండ్లు గడిపినది. ఇది చదివి పెదవి విరుచువారు కలరు. నాకు మాత్రము అందులో ఆమె దుఃఖముయొక్క లోతు కనబడినది: వందలకొలది ఆప్తులను ఒక్కపూటలో పోగొట్టుకొన్న మనిషి పదిమంది నడుమగాక యెక్కడ నిలువగలదు? ఆ పిదప ఉపాధ్యాయిని యై, ఇరువదియేండ్లు గడచినతరువాత బహిరంగముగా మాటలాడ నారంభించి, 2019లో మరణించువరకు చెప్పుచునే యున్నది. జాతిసమానత్వమును కోరి చేరుట తప్పు కాదనియు, నాయకుని ప్రశ్నించు అధికారమును వదలుకొనుట తప్పనియు ఆమె తన మాటలలో వేరుచేసి చూపినది. తన యిద్దరు సోదరీమణులను జోన్స్‌టౌనున పోగొట్టుకొన్న రెబెకా మూర్, వారిద్దరును నాయకవర్గమున నుండినవారే యైనను, శాన్‌డియాగో స్టేట్ విశ్వవిద్యాలయమున ఆ పత్రములన్నింటిని భద్రపరచుటకు తన జీవితమును వినియోగించినది.

వెలికి వచ్చినవారు కసితో మాటలాడుదురు, పెంచి చెప్పుదురు, వారి మాట నమ్మి మతస్వేచ్ఛను భంగపరుపరాదని చెప్పు పెద్దలు కలరు. ఈ ఆక్షేపణము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. ఏ సాక్షి మాటనైనను పరీక్షింపవలసినదే. కాని పరీక్షింపకముందే త్రోసివేయుట పరీక్ష యెట్లగును? వేరువేరు సంవత్సరములలో వచ్చినవారు అవే తెల్లకాగితములను, అవే దెబ్బలను, అవే రాత్రులను చెప్పినప్పుడు దానిని కసి యని తీసివేయుటకు వీలులేదు. తాము అనుభవించిన మేలును కూడ దాచక చెప్పుట వారి సత్యసంధతకు నిదర్శనమే కాని లోపము కాదు.

వినిన దేశము ఏమి చేయగలదో ఇటీవల జపానులో కనబడినది, మిక్కిలి ఆలస్యముగానే యైనను. 2022 జూలై 8వ తేదీన మాజీ ప్రధాని షింజో అబేను కాల్చి చంపినవాడు, తన తల్లి యూనిఫికేషన్ చర్చికి సర్వస్వమును సమర్పించి కుటుంబమును దివాలా తీయించినదను కోపముతో ఆ పనిచేసితినని చెప్పెను. ఆ హత్యను ఎవరును సమర్థింపజాలరు. కాని దాని పిమ్మట, ఆ చర్చి కుటుంబములలో పుట్టి పెరిగిన యువజనులు నోరు విప్పిరి. అక్టోబరులో ఒక యువతి మారుపేరుతో టోక్యోలో విలేకరులయెదుట తన జీతమును తలిదండ్రులు తీసికొనిపోయి చర్చికిచ్చిన విధమును చెప్పుచుండగనే, ఆమెకు మనోవ్యాధి కలదనియు, సమావేశమును ఆపవలసినదనియు, ఆమె తలిదండ్రుల సంతకములతో చర్చినుండి ఫ్యాక్సు వచ్చినది. ఆమె కన్నీరు పెట్టుకొనియు ఆగలేదు. ఆ డిసెంబరు 10వ తేదీన, భయపెట్టి విరాళములు రాబట్టుటను నిషేధించు శాసనమును పార్లమెంటు ఆమోదించినది. నరకమునకు పోయెదవని పిల్లలను బెదరించి మతకార్యములకు బలవంతపెట్టుట శిశుహింసయే యని ఆ నెలలోనే ఆరోగ్యశాఖ మార్గదర్శకములను వెలువరించినది. 2025 మార్చి 25వ తేదీన టోక్యో జిల్లా న్యాయస్థానము ఆ సంఘపు రద్దునకు ఉత్తరువిచ్చినది.

మన తెలుగునాట ఏ మతమునందైనను ఇట్టి స్థలములుండవని చెప్పగల ధైర్యము నాకు లేదు. ఆడపిల్ల మఠమునుండి తిరిగివచ్చిన ఊరివారేమనుకొందురో యని ఆమె తల్లియే ఆమెను వెనుకకు పంపు ఇండ్లు మన నడుమ కలవు; పొలము వ్రాసియిచ్చిన ముసలివాడు నగుబాటునకు జంకి అరుగుమీదనే నోరు మూసికొని కూర్చుండు ఇండ్లును కలవు. కావున కోరదగినవి స్పష్టముగా కోరుదును. సంఘములలో నివసించువారి ఆధారుకార్డులు, బ్యాంకు పుస్తకములు, చదువుల పత్రములు వారివద్దనే యుండవలెను. లేనిచోట అధికారులు దానినే మొదటి ప్రమాదచిహ్నముగా పరిగణింపవలెను. తనిఖీకి పోవువారు ముందు వర్తమానము పంపక పోవలెను. ఒక్కరిని పిలిచి అడిగి మరలిపోక, ఆ మనిషి వారందరిని, తల్లిని బిడ్డను కలిపి, కొన్నాళ్ళు వెలుపల నుంచుటకు బసను చేతనుంచుకొని అడుగవలెను. వెలికి వచ్చినవారు మాటలాడుటకు సిద్ధపడిన దినముననే వారి వాఙ్మూలమును నమోదు చేయించి, అందు పేర్కొన్న స్థలమును వారము తిరుగకముందే చూచివచ్చు బాధ్యతను ఒక అధికారికి పేరుపెట్టి అప్పగింపవలెను. 1978 జూనులో డెబోరా లేటన్ వ్రాసియిచ్చిన ప్రమాణపత్రము విషయమున అట్టి బాధ్యతను వహించినవారు లేకపోయిరి.